వెనకొచ్చిన కొమ్ము

కెర్కెన్నా దీవి, అల్ అతాయా రేవు. ఇంకా తెల్లారలేదు.
ఆక్టోపస్‌ల కోసం సముద్రంలోకి దించే మట్టి కుండలకు
రుదైనా ముడులు వేస్తోంది.
పనిలో ఇది మొదటి రోజు.
సిరియాలో, నీటి చక్రాల హమాలో
ఆడపిల్లల బడిలో వ్యాకరణం పంతులమ్మ.
ఇక్కడ ఒక తాడు, నలభై కుండలు, రోజు కూలి.

పడవ యజమాని ఖమైస్ సిగరెట్టు ఆర్పి
"నొఖ్రుజ్" అన్నాడు.

ఆమె శాలువా బిగించుకుని లేచి
పడవెక్కి కూర్చుంది.

అతను కాసేపు ఆమెను చూశాడు,
కాసేపు సముద్రాన్ని చూశాడు.
దిగమనలేదు.
ఆ పూట నీళ్ల మీద ఇద్దరికీ మాటల్లేవు.
ఏడు ఆక్టోపస్‌లు పడ్డాయి. ఒకటి కుండ వదలనంది,
గుప్పెడు ఉప్పు చల్లితే గాని.

ఆమె తప్పేం లేదు.
ఇరవై రెండేళ్లు నల్లబల్ల మీద రాసిందే కదా:
ధాతువంటే మూడు హల్లులు, ఎముకల్లాగా.
ముందు దానికి తల అతకాలి.
అ పెడితే నేను. య పెడితే అతను.
త పెడితే నువ్వో ఆమెయో, ఇద్దరికీ ఒకటే తలుపు.
న పెడితే మేమంతా.
"క్రియ నోరు తెరవగానే
లోపల ఎవరున్నారో చెప్పేస్తుంది పిల్లలూ,
చివరిదాకా ఆగక్కర్లేదు."

చివరిదాకా ఆగితే గాని
వెళ్లాడో వెళ్లిందో తేలని భాషలో
నేనిది రాస్తున్నాను.
ఆ తొందర నాకు కొత్త.

ఇంకొన్ని తలలూ నేర్పిందామె.
మ చేరిస్తే కూర్చోవడం మజ్లిస్ అవుతుంది,
సాగిలపడటం మసీదవుతుంది,
దిగడం మంజిల్ అవుతుంది
(మన మజిలీ అదే, చాలా దూరం నడిచొచ్చింది).
ఇన్ చేరిస్తే చేసినవాడు మాయం:
కసర, పగలగొట్టాడు.
ఇన్‌కసర, పగిలింది.
పిల్లలకు ఈ పాఠం మహా ఇష్టం.
"పూలకుండీ పగిలింది టీచర్. మేం కాదు."

తర్వాత ఒక చలికాలం
వాళ్ల వీధి గురించి రేడియో చెప్పింది: ఇన్‌హదమ.
కూలింది.
వాక్యంలో దోషం లేదు.
ఆ వీధిలో ఉండిన తమ్ముడు సాబిత్ పేరు పక్కన
గుమస్తా మఫ్‌కూద్ అని రాశాడు,
కనబడకుండా పోయినవాడు.
అదే మ.
ఈసారి చోటు మాత్రం చెప్పలేదు.

మధ్యాహ్నం చేతుల మీద ఉప్పు ఆరుతుండగా
పక్కింటి మబ్రూకా పడీ పడీ నవ్వింది:
"పిచ్చిదానా, 'నేను పోతున్నా' అన్నాడే వాడు!
మా దగ్గర న అంటే నేనే, ఒక్కడే.
మేమంతా అనాలంటే చివర్లో ఉ తగిలించాలి.
నొఖ్రుజు. అలా."

ముందొచ్చిన చెవుల కన్నా
వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటాం.
నా లిపిలో ఆ ఉ గుర్తుకు పేరే కొమ్ము.

ఆ రాత్రి చాప మీద
రుదైనా ఒక్కతే పలికి చూసుకుంది: న.
ఇరవై రెండేళ్ల మేమంతాలోంచి
అమ్మ దిగిపోయింది,
సాబిత్ దిగిపోయాడు,
మూడో వరసలో ఎప్పుడూ గుసగుసలాడే కవలలు దిగిపోయారు.
అక్షరం అక్షరంలాగే ఉంది.
ఇంత చిన్న ఊళ్లో
ఎన్ని తరాలుగానో దాన్నిలా ఖాళీ చేసుకుని
ఒక్కొక్కరే కాపురముంటున్నారు.

మర్నాడు ఆమె లేవలేదు.
ముడుల మీంచి తలెత్తలేదు.
ఖమైస్ కుండలు పడవలో పేర్చాడు.
లంగరు తాడు విప్పాడు. మళ్లీ కట్టాడు. మళ్లీ విప్పాడు.
మోటారు రెండుసార్లు దగ్గి
రేవంతా అదిరేలా అందుకుంది.
అప్పుడు తిరిగాడు ఇటు, ఏదో అన్నాడు.
న వినిపించింది.
ఖ, ర, జ వినిపించాయి.
ఆ పైన అంతా మోటారు.

చివర్లో కొమ్ముందో లేదో
పెదవులు చూస్తే తెలిసేదే,
గుండ్రంగా ముడుచుకుంటాయి కదా.
చీకటి.

ఆమె మిగిలిపోయిన ఒక్క కుండ చంకనెత్తుకుని
మోకాలి లోతు నీళ్లలోకి దిగింది.